దగ్గఱి దారి, దూరపు దారి

ఈ పాఠశాలలో నేను ముప్పది మూడు సంవత్సరములు భూగోళశాస్త్రము బోధించితిని. ఆఫ్రికా ఖండపు పటమును నల్లబల్లపై గీసినప్పుడెల్ల భూమధ్యరేఖకు దిగువను ఒక చుక్క పెట్టి, దాని ప్రక్క "కిలిమంజారో, 5,895 మీటర్లు" అని వ్రాయుట నా యలవాటు. నా పాఠము విన్న విద్యార్థు లనేకులు ఆ సంఖ్యను పరీక్షలలో తప్పు లేకుండ వ్రాసిరి. కాని ఆ పర్వతమును ఏ దారిని ఎక్కవలెనని వారిలో నొక్కరును నన్నడుగలేదు, నేనును చెప్పలేదు. పదవీ విరమణము చేసిన పిమ్మట, 2022వ సంవత్సరమున, ఆ ప్రశ్న మా యింటనే పుట్టెను. దానికి ప్రత్యుత్తరము చెప్పుటకు నాకు మూడు వారములు పట్టెను. పత్రికా సంపాదకులు ఈ సంచికకు ఏదైన వ్రాయుమని కోరగా, ఆ సంగతియే వ్రాయుచున్నాను.

నా తమ్ముడు పలాసలో జీడిపప్పు వర్తకు లొకరి వద్ద లెక్కలు వ్రాయును. అతని ఏకైక కుమార్తె చదువు ముగించి, టాంజానియా దేశమునందలి దార్ ఎస్ సలాం నగరమున ఒక వర్తక సంస్థలో ఉద్యోగమునకు పోయెను. ఆ సంవత్సరము ఏప్రిలు నెలలో ఒకనాటి రాత్రి ఆమె నాకు టెలిఫోను చేసి, "పెదనాన్నా, మా కార్యాలయములోని స్నేహితురాండ్రు ఇద్దఱును నేనును కిలిమంజారో ఎక్కదలచితిమి. దారులు ఆఱేడు కలవట. ఏ దారిని పోవలెనో తెలియుట లేదు. నాన్న నడిగితిని. 'దారుల సంగతి మీ పెదనాన్న నడుగుము, ఆయన చెప్పిన దారినే పొమ్ము' అనినారు" అని చెప్పెను.

ఆ మాట విని కొంతసేపు నేను పలుకలేకపోతిని. కారణము తెలియుటకు ముప్పది తొమ్మిది సంవత్సరములు వెనుకకు పోవలెను.

మందస పొలములలో నిలిచి వాయవ్యపు దిక్కునకు చూచినవారికి మహేంద్రగిరి కనబడును. దాని యెత్తు 1,501 మీటర్లు. శిఖరము ఒడిశా రాష్ట్రపు గజపతి జిల్లాలోనిదైనను, శ్రీకాకుళపు జనులు దానిని తమ కొండగానే యెంతురు. పరశురాముడు తపస్సు చేసిన చోటని పురాణ ప్రసిద్ధి. పైన భీముని పేరను, యుధిష్ఠిరుని పేరను, కుంతి పేరను ప్రాచీన శిలాలయములు కలవు. శివరాత్రికి ఇరు రాష్ట్రముల యాత్రికులును ఆ కొండ నెక్కుదురు. 1983 శివరాత్రికి నేనును నా తమ్ముడును పోతిమి. నేను ఇరువది యొక్క యేండ్ల కళాశాల విద్యార్థిని. తమ్మునికి పదునైదేండ్లు, ఈ పాఠశాలలోనే చదువుచుండెను.

ఎక్కునప్పుడు అందఱతో పాటు సవర పల్లెల మీది కాలిబాటను ఎక్కితిమి. మఱునాటి ఉదయమున దిగునప్పుడు ఆ బాట యాత్రికులతో క్రిక్కిఱిసి యుండెను. సాయంకాలపు బండి నందుకొనవలెనని నాకు తొందర. ప్రక్కగా ఎండిన గెడ్డ యొకటి నిటారుగ క్రిందికి దిగుచుండెను. దాని వెంట పోయిన ఒక గంట కలిసివచ్చునని నాకు తోచెను. అచ్చట కూర్చుండిన సవర వృద్ధు డొకడు మమ్ము చూచి, "ఆ గెడ్డలోంచి దిగకండి బాబూ. దగ్గరే గానీ రాళ్లు నిలవవు" అనెను. తమ్ముడు నా మొగము చూచెను. "ఏమియు కాదు, రమ్ము" అంటిని.

సగము దూరము పోకముందే అతని కాలి క్రింది బండ కదలెను. మోకాలి దిగువ ఎముక విఱిగెను. నా కేకలు విని ఆ వృద్ధుడే మఱి యిద్దఱిని పిలుచుకొని వచ్చి, దుప్పటిని కఱ్ఱకు కట్టి డోలీ చేసి, అతనిని క్రిందికి మోయించెను. ఒక గంట మిగుల్చుకొనదలచినవాడను ఎనిమిది గంటలు పోగొట్టుకొంటిని. ఎముక అతికెను గాని వంకరగా నతికెను. ఆ సంవత్సరము పాఠశాల క్రీడోత్సవమున ఎనిమిది వందల మీటర్ల పరుగులో మొదటి బహుమానమందిన బాలుడు మఱెన్నడును పరుగెత్తలేదు. నేటికిని కుంటుచునే నడచును. ఇన్ని యేండ్లలో అతడు ఆ గెడ్డ మాట యెత్తలేదు, నేనును ఎత్తలేదు. అట్టివాడు తన కుమార్తెతో "దారుల సంగతి మీ పెదనాన్న నడుగుము" అనుటలో ఎత్తిపొడుపు కలదో, నమ్మకము కలదో నాకు తెలియలేదు. అడుగుటకు ధైర్యము చాలలేదు. ఏది యైనను ఈ సారి తొందరపడి చెప్పరాదని మాత్రము నిశ్చయించుకొని, ఒక నోటు పుస్తకము తెఱచి కూర్చుంటిని.

మొదట ఆ పర్వతమును గూర్చి కొంత చెప్పవలెను. కిలిమంజారో అగ్నిపర్వతము. దానికి కిబో, మావెంజీ, షిరా అని మూడు భాగములు. మావెంజీ 5,149 మీటర్ల కొమ్ము. షిరా కూలిపోయి పీఠభూమి వలె నున్నది. నడుమనున్న కిబో అన్నిటికంటె ఎత్తైనది. కిబో అంచుమీది మిక్కిలి యెత్తైన చోటికి ఉహురు శిఖరమని పేరు. స్వాహిలీ భాషలో ఉహురు అనగా స్వాతంత్ర్యము. 1961లో ఆ దేశము స్వతంత్రమైనప్పుడు ఆ పేరు పెట్టిరి. భూమధ్యరేఖకు మూడు డిగ్రీల దూరముననే యున్నను, పైన మంచు కలదు. 1848 మే 11వ తేదీన జొహన్నెస్ రెబ్‌మన్ అను జర్మను మిషనరీ దూరము నుండి ఆ తెల్లదనమును చూచి, మంచు అని వ్రాయగా, ఇంగ్లండులోని భూగోళ పండితులు కొందఱు నమ్మక పరిహసించిరి. చూచినవాడు చూచినదే వ్రాసెను. ఇంట కూర్చుండినవారు కాదనిరి. నేనును ఇంట కూర్చుండియే దారిని నిర్ణయింప బూనితిని గనుక, ఈ సంగతిని నోటు పుస్తకపు మొదటి పుటలోనే వ్రాసికొంటిని.

ఈ పర్వతము నెక్కుటకు సామాన్యముగ త్రాళ్లును, మంచు గొడ్డళ్లును అక్కఱలేదు. వాడుకలో నున్న మార్గములన్నియు నడక దారులే. అందుచేతనే దీనిని తేలికగా నెంచువారు పలువురు. కష్టమంతయు గాలిలో నున్నది. గాలిలో ప్రాణవాయువు పాలు కళింగపట్నపు ఒడ్డునను, ఆ శిఖరమునను నూటికి ఇరువది యొక్క వంతే. కాని పైకి పోవుకొలది గాలి ఒత్తిడి తగ్గును. శిఖరమున అది సముద్రతీరమున నున్న దానిలో సుమారు సగము. కావున ఒక్కొక ఊపిరికి లోనికి పోవు ప్రాణవాయువును సగమే. దేహము దీనికి అలవాటుపడగలదు: ఊపిరి వేగము హెచ్చును, కొన్ని దినములలో నెత్తురు మాఱును. అయితే దానికి వ్యవధి కావలెను. వ్యవధి ఇయ్యక పైకి పోయినచో తలనొప్పి, వాంతి, నిద్ర లేమి మొదలగును. వాటిని లక్ష్యపెట్టక ఇంకను ఎక్కినచో ఊపిరితిత్తులలో గాని మెదడులో గాని నీరు చేరి ప్రాణమునకే ముప్పు వచ్చును. అప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన చికిత్స వెంటనే క్రిందికి దిగుట. బలిష్ఠుడు, దుర్బలుడు, యువకుడు, వృద్ధుడు అను భేదము ఈ వ్యాధికి లేదు. పరుగు పందెములలో గెలిచినవాడు పడిపోవచ్చును. చేతికఱ్ఱ పట్టుకొని నడచినవాడు శిఖరము చేరవచ్చును.

పర్వత వైద్యము నెఱిగినవారు చెప్పు నియమ మొకటి కలదు. మూడు వేల మీటర్లు దాటిన పిమ్మట, ఈ రాత్రి నిద్రించు చోటు నిన్నటి రాత్రి నిద్రించిన చోటికంటె ఐదు వందల మీటర్లకు మించి యెత్తున ఉండరాదు. మూడు నాలుగు దినముల కొకమాఱు ఎత్తు పెంచక ఒక రాత్రి ఆగవలెను. పగలు ఎత్తు నెక్కి రాత్రి దిగి పండుకొనుట మఱియు మేలు. ఈ నియమమును కొలబద్దగా పెట్టుకొని, ఒక్కొక దారిని కొలిచి చూచితిని.

ఆగ్నేయము నుండి పోవు మరాంగు దారి అన్నిటికంటె పాతది. ఇందు గుడారములు అక్కఱలేదు. రాత్రులు గడపుటకు కఱ్ఱ యిండ్లు కలవు. ఐదు దినములలో ఎక్కి దిగవచ్చును గనుక ఖర్చు తక్కువ. కాని మొదటి రాత్రి నిద్ర సుమారు 2,700 మీటర్ల యెత్తున, రెండవ రాత్రి 3,700 మీటర్ల యెత్తున, మూడవ రాత్రి 4,700 మీటర్ల యెత్తున. అనగా దినమునకు వేయి మీటర్లు. నా కొలబద్దకు ఇది రెండింతలు. నడుమ ఒక దినము ఆగి ఆఱు దినములు చేసికొన్నచో కొంత మేలు.

దక్షిణము నుండి పోవు ఉంబ్వె దారి మిక్కిలి నిటారైనది. అడవి నడుమ గట్టు మీదుగా తిన్నగా పైకి పోవును. దాని వర్ణన చదువుచుండగా నాకు మహేంద్రగిరి గెడ్డ కనులకు కట్టెను. ఆ పుటను తిరుగవేసితిని.

ఉత్తరమున కెన్యా సరిహద్దు దగ్గఱ నుండి పోవునది రొంగాయి దారి. అటు వాన తక్కువ. వానకాలమున పోవువారికి మేలు. నైరుతి నుండి పోవునది మచామె దారి. మొదటి రాత్రి సుమారు 2,800 మీటర్లు. రెండవ రాత్రి షిరా పీఠభూమిపై 3,800 మీటర్లు. మూడవ నాడు 4,600 మీటర్ల యెత్తుననున్న లావా గోపురమను బండ వఱకు ఎక్కి, రాత్రికి 3,900 మీటర్ల దరిదాపుల నున్న బరాంకో లోయకు దిగి పండుకొందురు. మఱునాడు కరంగా అను చోట సుమారు 4,000. ఆ మీద బరాఫు విడిదిలో 4,600 దాటును. అచ్చటి నుండి అర్ధరాత్రి వేళ శిఖరమునకు బయలుదేఱుదురు. పడమటి నుండి వచ్చు లెమోషో దారి ఇంకను దీర్ఘమైనది. ఏడెనిమిది దినములు పట్టును. తుదకు మచామె దారిలోనే కలియును. ఉత్తరపు ప్రక్క చుట్టి వచ్చు ప్రదక్షిణ మార్గ మన్నిటికంటె దూరమైనది.

విద్యార్థులు ఒక్క సంగతి గమనింపవలెను. మచామె దారి మొదలగు వాకిలియే సుమారు 1,800 మీటర్ల యెత్తున నున్నది. మన మహేంద్రగిరి శిఖరము ముగిసిన చోటికంటె పైన ఆ కొండ నడక మొదలగును!

మూడు వారముల పిమ్మట నేను ఆమెకు లెమోషో దారిని పొమ్మని చెప్పితిని. ఆమె యిట్లనెను: "పెదనాన్నా, మాకు సెలవు పది దినములే. మోషీ పట్టణమునకు బస్సులో పోవుటకు ఒక పగలు, వచ్చుటకు ఒక పగలు పట్టును. ఎనిమిది దినములు కొండమీదనే గడచిన, వాన వచ్చినను, బండి ఆలస్యమైనను, ఉద్యోగమునకు చేటు." ఆమె చెప్పినది నిజమే. పటము ముందు కూర్చుండి దారి యెన్నుట వేఱు, సెలవు చీటి చేత పట్టుకొని యెన్నుట వేఱు. కావున మచామె దారిని నిర్ణయించితిమి. అందును ఆఱు దినముల పద్ధతి యొకటి, ఏడు దినముల పద్ధతి యొకటి కలవు. కరంగాలో రాత్రి ఆగక నేరుగా బరాఫు చేరుట ఆఱు దినముల పద్ధతి. నేను ఏడు దినములు కావలెనంటిని. షిరాకు పోవు రెండవ దినమున ఈ దారియు నా కొలబద్దను మీఱును; కాని తరువాతి మూడు రాత్రులు ఆ లోపమును దిద్దును.

ఈ యేడవ దినమునకు వెల కలదు. అచ్చటి జాతీయ వనమున ప్రవేశ రుసుమును దినమునకు ఇంత అని తీసికొందురు. అనుమతి పొందిన మార్గదర్శి లేనిదే ఎక్కనీయరు. మార్గదర్శికిని, కూలీలకును దినపు లెక్కను జీతము. నా తమ్ముని కుమార్తె క్రొత్త కంప్యూటరునకై దాచుకొన్న సొమ్మును ఇందులకు తీసెను. స్నేహితురాండ్రలో ఒకతె మాత్రము ఒప్పుకొనలేదు. ఆమె వేఱొక జట్టులో చేరి, ఆగష్టు నెలలో మరాంగు దారిని ఐదు దినములలో ఎక్కి, ఉహురు శిఖరమున నిలిచి, క్షేమముగా దిగి వచ్చెను.

అది విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా యమ్మాయి టెలిఫోనులో, "ఆమె ఐదు దినములలో ఎక్కినది, పెదనాన్నా. మనము వృథాగా రెండు దినములు పెంచితిమేమో! అదియు గాక, మన విజయనగరపు కోరుకొండలో చదివిన మల్లి మస్తాన్ బాబుగారు ఏడు ఖండముల శిఖరములను నూట డెబ్బది రెండు దినములలో ఎక్కలేదా?" అని అడిగెను.

మస్తాన్ బాబు పేరెత్తినప్పుడు మన జిల్లాలవారికి గర్వము కలుగుట సహజము. కోరుకొండ సైనిక పాఠశాల 1962లో స్థాపింపబడినది. నెల్లూరు జిల్లాలో పుట్టిన ఆయన అచ్చట చదివెను. ఆ పాఠశాలలో ఆయనకు ముందు చదివిన లెఫ్టినెంటు ఉదయ భాస్కర రావు 1985లో భారత సైన్యపు ఎవరెస్టు యాత్రలో ప్రాణములు కోల్పోయెను. ఆయన జ్ఞాపకమే మస్తాన్ బాబును పర్వతముల వైపు త్రిప్పెనని చెప్పుదురు. 2006 జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్ శిఖరముతో మొదలిడి, ఫిబ్రవరి 17న దక్షిణ అమెరికాలోని అకోంకాగువాను, మార్చి 15న కిలిమంజారోను, తరువాత ఆస్ట్రేలియా, ఆసియా, ఐరోపా ఖండముల శిఖరములను ఎక్కి, జూలై 10న ఉత్తర అమెరికాలోని డెనాలితో ముగించెను.

నేను అమ్మాయి కిట్లు చెప్పితిని: "అమ్మా, ఆ తేదీలను మరల చూడుము. అకోంకాగువా ఎత్తు 6,961 మీటర్లు. కిలిమంజారోకు వచ్చుటకు నెల దినములలోపుననే ఆయన దానికంటె వేయి మీటర్లు ఎత్తున నిలిచి వచ్చెను. అంతకు ముందు ఎన్నియో యేండ్లు కొండల మీద గడపెను. మనకు కనబడునది నూట డెబ్బది రెండు దినములు. వాని వెనుక నున్న యేండ్లు కనబడవు. నీవు పుట్టినది పలాసలో, ఉండునది దార్ ఎస్ సలాంలో. రెండును సముద్రపు దరినే. అంతటి ఆయన కూడ 2015 మార్చిలో ఆండీసు పర్వతములలోనికి ఒంటరిగా పోయి, ప్రాణములతో మరల రాలేదు. కొండ ఎవరి బిరుదులను చూడదు."

"మఱి నా స్నేహితురాలి సంగతి?" అని ఆమె అడిగెను.

దీనికి ప్రత్యుత్తరము ఏ పుస్తకమునను లేదు. చాల సేపటికి, "నేను 1983లో మహేంద్రగిరి మీద ఒక గెడ్డలో దిగితిని. నాకు ముందు ఆ గెడ్డలో దిగినవారు ఎందఱో క్షేమముగా దిగియే యుందురు. వారు దిగిరి గనుకనే అచ్చట అడుగుజాడలు కనబడెను. అవి చూచియే నేను మీ నాన్నను తీసికొని పోతిని" అంటిని. అవతల ఆమె కొంతసేపు మాటాడలేదు. తండ్రి కాలు ఎట్లు విఱిగెనో ఆమె కంతవఱకు తెలియదని అప్పుడు నాకు తెలిసెను. చిన్ననాడు చెట్టుమీద నుండి పడితినని అతడు చెప్పి యుండెనట. "సరే పెదనాన్నా, ఏడు దినములే" అని ఆమె టెలిఫోను పెట్టివేసెను.

సెప్టెంబరు నెల ఆ ప్రాంతమున వానలు లేని కాలము. ఆ నెల రెండవ వారమున ఆమెయు, మిగిలిన స్నేహితురాలును బయలుదేఱిరి. బయలుదేఱుటకు ముందు నేను ఆమె చేత ఒక్క మాట తీసికొంటిని: మార్గదర్శి తిరిగి పొమ్మన్న క్షణమున, శిఖరము పది అడుగుల దూరముననున్నను, వాదింపక తిరుగవలెను. ఈ పర్వతమును తుదకు 1889 అక్టోబరు 6న జయించిన హాన్స్ మేయర్ కూడ 1887లో పై మంచును దాటలేక వెనుకకు మరలినవాడే. మరలి వచ్చినవాడే మరల పోగలడు.

ఏడు దినములు మాకు వార్త సరిగా అందలేదు. తమ్ముడు దినమును మా యింటికి టెలిఫోను చేసి, బియ్యపు ధర, జీడిగింజల ధర మాటలాడి పెట్టివేయుచుండెను. కొండ మాట యెత్తలేదు.

ఎనిమిదవ నాడు ఆమె వ్రాసిన లేఖ వచ్చెను. అందులో శిఖరమును గూర్చి నాలుగు పంక్తులే కలవు: తెల్లవాఱుచుండగా చేరితిననియు, చలికి వ్రేళ్లు తిమ్మిరెక్కెననియు, తఱిగిపోవుచున్న మంచు గోడలు ఎండలో మెఱసెననియు, పది నిమిషములు నిలిచి దిగితిననియు. లేఖలో హెచ్చు భాగము మూడవ దినమును గూర్చి. లావా గోపురము చేరునప్పటికి ఆమెకు తల పగులునంతటి నొప్పియు, రెండు వాంతులును వచ్చెనట. ఇక తిరిగి పోవుటయే యని తలంచి ఒక బండపై కూర్చుండెనట. మార్గదర్శి ఆమె కనులు చూచి, మాటలాడించి, కొంత నడిపించి చూచి, "ఈ రాత్రి మనము దిగి పండుకొందుము. రేపు నీవే చెప్పుము" అనెనట. బరాంకోకు దిగునప్పుడే నొప్పి తగ్గ నారంభించెను. మఱునాడు కరంగాలో విశ్రాంతిగా గడచిన సగము పగటిలో పూర్తిగా తేరుకొనెను. "మార్గదర్శి అడుగడుగునకును 'పోలె, పోలె' అనుచుండెను. వారి భాషలో మెల్లగా, మెల్లగా అని అర్థము. ఆ రాత్రి దిగుటకు చోటు లేని దారిలో నేనుండిన యెడల అప్పుడే వెనుదిరిగి యుందును; లేక వెనుదిరుగక యుందును. రెండవదియే నాకు భయము, పెదనాన్నా" అని వ్రాసెను.

ఆ సంవత్సరాంతమున ఆమె సెలవుపై వచ్చి సంక్రాంతి వఱకు ఉండెను. పండుగ మఱునాడు ముగ్గురము మందస మీదుగా మహేంద్రగిరి పాదము వఱకు పోతిమి. అమ్మాయి ముందు నడచుచుండగా, తమ్ముడును నేనును వెనుక మెల్లగా నడచుచుంటిమి. అప్పుడు నాకు ధైర్యము వచ్చెను.

"దారుల సంగతి నన్నడుగుమని ఏల చెప్పితివి?" అని అడిగితిని.

అతడు నిలిచి, చేతికఱ్ఱను నేల మోపి, "మఱి యెవరి నడుగు మందును, అన్నయ్యా? ఈ లోకములో దారి యెన్నుటకు నీ యంత భయపడువాడు వేఱొకడు నాకు తెలియడు" అనెను. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు.

విద్యార్థులారా, మీలో కిలిమంజారో ఎక్కువారు ఒక్కరో యిద్దఱో యుందురేమో. కాని దారి యెన్నవలసిన అవసరము అందఱకును వచ్చును. తఱుచుగా మీతో పాటు మీ తమ్ముడో, చెల్లెలో, మిమ్ము నమ్మినవారో ఉందురు. దగ్గఱి దారి యేదని అడుగుటకు ముందు మూడు ప్రశ్నలు వేయుడు. ఈ రాత్రి ఎచ్చట పండుకొందుము? నాతో నున్నవారిలో మెల్లగా నడచువాడు ఈ దారిని నడువగలడా? కాలు జాఱినచో వెనుకకు వచ్చుటకు చోటున్నదా? ఈ మూడింటికిని మంచి ప్రత్యుత్తరము దొరకిన దారి యెంత దూరమైనను దగ్గఱి దారియే.

మేము తిరిగి వచ్చునప్పుడు అమ్మాయి ప్రక్కన ఎండిన గెడ్డ నొకదానిని చూపి, "నాన్నా, ఇదేనా?" అని అడిగెను. తమ్ముడు దానివైపు చూచి, "కాదమ్మా, అది చాల పైన" అనెను. ఆ పైన నవ్వుచు, నా చేయి పట్టుకొని బాట వెంట నడచెను.